దశమభాగం ఇవ్వకపోతే శాపమా? విశ్వాసులు చెప్పండి

మారతహళ్లి తెలుగోడు:
అందరికీ వందనాలు. బెంగళూరులో మేం వెళ్లే తెలుగు సంఘంలో (పేరు వద్దులెండి) బైబిల్లోని మలాకీ గ్రంథం 3వ అధ్యాయం మీద వాక్యం చెప్పారు. జీతంలో పదో వంతు, అంటే దశమభాగం, ఇవ్వనివాళ్లు దేవుని సొమ్ము దొంగిలిస్తున్నట్టే, శాపం కింద ఉన్నట్టే అన్నారు. పీఎఫ్ కట్ అవకముందు లెక్కా, అయ్యాక లెక్కా అని ఒకాయన లేచి అడిగారు కూడా! నా అనుమానం వేరు. క్రీస్తు మన కోసం శాపమై మోషే ద్వారా వచ్చిన ధర్మశాస్త్రపు శాపం నుంచి విడిపించాడని అపొస్తలుడు పౌలు రాసిన గలతీ పత్రిక 3:13లో ఉంది. మరి ఈ శాపం ఎక్కణ్ణుంచి వచ్చింది?

కేఆర్ పురం బ్రదర్:
దశమభాగం మోషేతో మొదలవలేదు బ్రదర్. అంతకుముందే అబ్రాహాము, యాజకుడూ రాజూ అయిన మెల్కీసెదెకుకు ఇచ్చాడు, ఆదికాండం 14. యేసు ప్రభువు కూడా మానెయ్యమనలేదు, మత్తయి 23:23. కృప ఉంది కదా అని జేబు మూసుకునేవాళ్లకు గలతీ పత్రిక ఒక సాకు.

పాత సండేస్కూల్ టీచర్:
ధర్మశాస్త్రం కంటే ముందే ఉంది కాబట్టి తప్పనిసరి అంటే, సున్నతి కూడా ముందే ఉంది, ఆదికాండం 17. దాన్ని ఎవరూ అడగరేం? రోమా 4లో పౌలు పట్టుకున్నది ఇదే. అబ్రాహామును నీతిమంతుడిగా ఎంచింది ఆదికాండం 15లో, నమ్మినందుకు. సున్నతి ఆ తర్వాతే. ఇక మెల్కీసెదెకుకు ఇచ్చింది యుద్ధంలో దక్కిన సొత్తులోంచి, నెలజీతంలోంచి కాదు. మత్తయి 23లో ప్రభువు గద్దించింది పుదీనా, సోపు, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి, న్యాయాన్నీ కనికరాన్నీ గాలికొదిలేసిన పరిసయ్యులను, అంటే ధర్మశాస్త్రాన్ని అక్షరాలా పట్టుకునే యూదు మతవర్గం వాళ్లను.

వైట్‌ఫీల్డ్ అక్క:
అంతా బాగానే ఉంది టీచర్‌గారూ, హాలు అద్దె ఎవరు కడతారు? శాపం లేదంటే పది రూపాయల నోటు వేసి చేతులు దులుపుకుంటారు. కృప ఎక్కువవ్వాలని పాపంలో ఉండిపోదామా అని అదే పౌలు రోమా 6లో అడిగాడు.

పాత సండేస్కూల్ టీచర్:
అద్దె కావాలంటే అద్దె అనే అడగండమ్మా, ఇస్తారు. రోమా 6లో పౌలు శాపం చూపించి బెదిరించలేదు. పాపం విషయంలో చచ్చినవాళ్లం, ఇంకా అందులో ఎలా బతుకుతాం అన్నాడు. కానుకల సంగతికొస్తే సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇమ్మన్నాడు, 2 కొరింథీ 9:7.

మారతహళ్లి తెలుగోడు:
ఊళ్లో మా పిన్నికి భర్త లేడు. నేను నెలనెలా పంపేది ఇందులోకి వస్తుందా?

కేఆర్ పురం బ్రదర్:
అది సహాయం బ్రదర్. మలాకీలో ఉన్నది మందిరపు నిధి.

పాత సండేస్కూల్ టీచర్:
ద్వితీయోపదేశకాండం 14:28-29 తీయండి. మూడో ఏటి పదో వంతు ఊళ్లోనే ఉంచాలి. మందిర సేవ చేసే లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాళ్లు కడుపునిండా తినాలి. బాబూ, పిన్నికి పంపు.