నీళ్లకి ‘హ’: లాండా అక్షరాలు, చుల్తున్ నీళ్లు

గౌతమి:
స్పానిష్ మతగురువు దియేగో దె లాండా 1566 ప్రాంతంలో రాసిన, మధ్య అమెరికాలోని మాయా ప్రజల ‘అక్షరమాల’లో నీళ్లకి మాట ‘హ’. అంత చిన్న మాటకి ముందొక ‘అ’ ఎందుకు తగిలించాడండి? రెండోది, ఆ మాయా వాళ్లుండే ఉత్తర యుకటాన్‌లో (మెక్సికో ద్వీపకల్పం) నేలమీద నదులే లేవు. వేసవిలో కాలువలు కట్టేస్తే మనం మంచినీళ్ల చెరువుతో నెట్టుకొస్తాం. నెలల తరబడి వాన లేకపోతే వాళ్లేం తాగారు?

వశిష్ఠ:
గౌతమి గారూ, లాండా స్పానిష్ అక్షరాల పేర్లు పలికాడు, మాయా లేఖకుడు చెవిన పడ్డ పలుకుకి గుర్తు వేశాడు. ‘హెచ్’ని స్పానిష్‌లో ‘అచె’ అంటారు, ఆ ముందున్న ‘అ’యే ఇక్కడికొచ్చింది. ‘బి’ అంటే ‘బె’ గుర్తు పడింది. లాండా అడిగినవి విడి వర్ణాలు, లేఖకుడు ఇచ్చినవి గుణింతాలు! 1562లో యుకటాన్‌లోని మనీ అనే ఊళ్లో మాయా పుస్తకాలు తగలబెట్టించింది ఈయనే. అయినా 1952లో సోవియట్ పండితుడు యూరి క్నోరొజొవ్‌కి మాయా లిపి చదవడానికి దారి చూపింది ఈ అక్షరమాల పుటే.

చదవడం ఇలా. డ్రెస్డెన్ పుస్తకంలో (జర్మనీలోని ఆ ఊళ్లో ఉన్న పాత మాయా పుస్తకం) టర్కీ కోడి బొమ్మ మీద ‘కు-త్సు’, కుక్క మీద ‘త్సు-లు’ ఉంటాయి. రెంటిలోనూ ‘త్సు’ గుర్తు ఒక్కటే. చదవాల్సింది కుత్స్, త్సుల్. పొల్లు గుర్తు లేదు కాబట్టి చివరి అచ్చుని మింగెయ్యాలి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక నోరు అలవాటుగా ‘కుత్సు’ అనేస్తుంది, అక్కడ జాగ్రత్త. అన్నీ గుణింతాలే అనుకోకండి. ‘బాలమ్’కి (అంటే జాగ్వార్) బ-ల-మ అని రాయొచ్చు, జాగ్వార్ తల ఒక్కటే గీయొచ్చు, తల కింద ‘మ’ తగిలించి పలుకు గుర్తు చేయొచ్చు.

వైనతేయ:
నీళ్ల సంగతి నేను చెప్తానండి. సెనోటెలు, అంటే సున్నపురాయి కుంగి ఏర్పడ్డ సహజ బావులు, ఉన్న చోట ఆ నీళ్లే. యుకటాన్‌లోని పూక్ గుట్టల్లో భూగర్భజలం మరీ లోతు, అందుకే చుల్తున్ అనే వాననీళ్ల గొయ్యి తవ్వారు. కూజాని భూమిలో పాతినట్టుంటుంది: ఇరుకు మూతి, కింద పెద్ద పొట్ట. మూతి చుట్టూ సున్నపు గచ్చుని లోపలికి వాలేలా పరిస్తే వాననీళ్లు జారిపడతాయి. లోపలి గోడకీ సున్నం మెత్తాలి, లేకపోతే సున్నపురాయి తాగేస్తుంది. గచ్చు బీట వేస్తే నిండిన నీళ్లూ నిలవవు. మన బంకమట్టి చెరువులో అయితే అడుగు దానంతటదే పట్టేస్తుంది, అక్కడ ఆ సుఖం లేదు.

గౌతమి:
మరి వడపోత?

వైనతేయ:
టికాల్ అనే మాయా నగరంలో కొరియెంటల్ చెరువులో నీళ్లు వడకట్టే స్ఫటికపు ఇసుక, జియోలైట్ అనే ఖనిజం దొరికాయి. రాజప్రాసాదం పక్క చెరువులో మాత్రం పాదరసం, నీలిపచ్చ నాచు. ఎర్ర రంగుకి వాడిన సిన్నబారు (పాదరసం ఉన్న ఖనిజం) వానకి కొట్టుకొచ్చి అందులో చేరింది.