కాలా గొలొరిత్సే: పడవ దిగనివ్వకపోవడం న్యాయమేనా?

రైలుకట్ట (హైదరాబాదు):

వచ్చే జూన్‌లో మా పదిహేనో పెళ్లిరోజుకు నేనూ మా ఆవిడా ఇటలీలోని సార్డీనియా ద్వీపానికి వెళ్లాలనుకుంటున్నాము. ద్వీపం తూర్పు ఒడ్డున, బౌనేయి అనే ఊరి పరిధిలో, కొండల మధ్య ఒదిగిన కాలా గొలొరిత్సే అనే చిన్న తీరం ఉంది. తెల్లని గులకరాళ్లు, వెనుక 143 మీటర్ల ఎత్తున సూదిలా నిలిచిన సున్నపురాతి శిఖరం, ఒక చివర సముద్రంలోకి వంగిన రాతి తోరణం. ప్రపంచంలోని యాభై ఉత్తమ బీచ్‌లంటూ 2025లో వెలువడిన జాబితాలో దీనిదే మొదటి స్థానం. అక్కడికి రోజుకు 250 మందినే అనుమతిస్తారు, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, 2025 వేసవిలో మనిషికి 7 యూరోలు తీసుకున్నారు. ఇంతవరకు నాకు పేచీ లేదు.

అయితే పడవలో వెళ్లి అక్కడ దిగడం నిషేధం. గొల్గో పీఠభూమి మీద కారు నిలిపి, రాళ్ల దారిలో మూడున్నర కిలోమీటర్లు నడుస్తూ దాదాపు 470 మీటర్లు కిందికి దిగాలి, మళ్లీ అంతా ఎక్కాలి. మా ఆవిడకు మోకాళ్ల నొప్పి. మెట్రో స్టేషన్ మెట్లు దిగేటప్పుడే పక్కనున్న కమ్మీ వదలదు. ఎంతమంది రావాలో నిర్ణయించడం ఒక ఎత్తు, కాళ్లు బాగున్నవారే రావాలనడం మరో ఎత్తు. ఆ 250 మందిలో ఒక పదిమందినైనా పడవలో దిగనివ్వకపోవడం న్యాయమేనా?

ఉప్పుగాలి (విశాఖపట్నం):

మీరు పడవ దగ్గర ఆగారు, నేను రుసుము దగ్గరే ఆగిపోతాను. ఇటలీలో సముద్రతీరం ప్రభుత్వ ఆస్తి, అంటే ప్రజలది. ప్రజలదైన చోటికి ప్రజలకే టికెట్టు అమ్మడం ఎలా సబబు? 2023లో మా రుషికొండ బీచ్‌కు ఇరవై రూపాయల ప్రవేశ రుసుము పెట్టబోతే ఊరంతా వ్యతిరేకించింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇరవై రూపాయలు పెద్ద మొత్తమేమీ కాదు. అయినా ఈ రోజు ఇరవై అన్నవారు రేపు రెండు వందలు అనరని ఎవరు చెప్పగలరు? సార్డీనియాలోనే స్తింతీనో దగ్గరి లా పెలోజా బీచ్‌కు కూడా రోజుకు 1,500 మంది అన్న పరిమితి, మూడున్నర యూరోల రుసుము వచ్చాయి. పైగా తువ్వాలుకు ఇసుక అంటుకుని పోతుందట, కనుక దాని కింద చాప పరవాలన్న నిబంధన ఒకటి. సముద్రం ఒడ్డున కూర్చోవడానికి ఇన్ని షరతులా?

రెండో అంతస్తు (మిలాన్):

మేమిద్దరం రెండేళ్ల క్రితం జూన్‌లో గొలొరిత్సేకు వెళ్లి వచ్చాము కనుక కొంచెం వివరంగా రాస్తాను.

దిగడానికి మాకు గంటంబావు పట్టింది. దారిలో పశువుల కాపరులు జునిపెర్ మొద్దులతో కట్టుకున్న పాత గుడిసెలు కనిపిస్తాయి, నీళ్లు మాత్రం ఎక్కడా దొరకవు. ఎక్కేటప్పుడు ఎండకు కాగిన సున్నపురాయి కింది నుంచి కూడా సెగ కొడుతుంది. మా వారు ఒక చెట్టు నీడన కూర్చుని, రెండో సీసా నీళ్లు కూడా అయిపోయాక, వచ్చే ఏడు ఏ ఊరి చెరువు గట్టుకైనా వెళదామన్నారు. అందువల్ల రైలుకట్ట గారూ, మోకాళ్ల నొప్పి ఉన్నవారిని ఈ దారికి ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకువెళ్లకండి.

ఇద్దరూ కలిసి సూర్యాస్తమయం చూద్దామన్న ఆలోచన ఉంటే అది కూడా మానుకోండి. ఆ తీరం తూర్పు ముఖంగా ఉంటుంది, వెనుక కొండ గోడలా నిలుస్తుంది. మధ్యాహ్నం దాటాక ఎండ బీచ్‌ను వదిలి సముద్రం మీదికి జరిగిపోతుంది. ఫోటోలలో కనిపించే ఆ పచ్చనీలం రంగు ఉదయంపూట మాత్రమే. నీటి అడుగున మంచినీటి ఊటలు ఉన్నాయి, వాటి దగ్గరికి ఈదితే జూన్‌లో కూడా కాళ్లు కొంకర్లు పోతాయి.

ఉప్పుగాలి గారి షరతుల గురించి ఒక మాట. ఎక్కుతూ సగం దూరం వచ్చాక మా వారి చొక్కా జేబు బరువుగా కనిపించింది. అడిగితే కోడిగుడ్డంత తెల్లరాయి బయటకు తీసి, ఇంట్లో దేవుడి దగ్గర పెట్టుకుందామన్నారు. సార్డీనియాలో తీరం మీది ఇసుక, రాళ్లు, గవ్వలు తీసుకుపోతే 500 నుంచి 3,000 యూరోల వరకు జరిమానా ఉంటుంది. 2019లో ఒక ఫ్రెంచి జంట కారులో 40 కిలోల ఇసుకతో ఓడరేవులో పట్టుబడిన సంగతి అప్పట్లో ప్రపంచమంతా తెలిసింది. ఆయన ఇరవై నిమిషాలు వెనక్కి దిగి, రాయి అక్కడ పెట్టి, మళ్లీ ఎక్కి వచ్చారు. నేను చెట్టు కింద కూర్చుని, రోజుకు 250 మంది, నెలకు ఏడున్నర వేల మంది, తలా ఒక్క రాయి చొప్పున లెక్క వేసుకున్నాను. రుసుము మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

సున్నపురాయి (బెంగళూరు):

ఆ లెక్క సరైనది, ఎందుకంటే ఆ తీరం అనాదిగా ఉన్నది కాదు. 1962లో కొండచరియ విరిగిపడి ఇప్పుడున్న రూపం వచ్చింది. ఏడాది పొడవునా ఇసుక తెచ్చి పోసే పెద్ద నది దాని వెనుక లేదు, పోయిన రాయికి బదులు రాయి రావాలంటే మళ్లీ కొండే విరగాలి. అదే ద్వీపానికి ఉత్తరాన బుదెల్లి అనే చిన్న దీవిలో గులాబీ రంగు ఇసుక ఉన్న తీరాన్ని 1994 నుంచి పూర్తిగా మూసివేశారు, అక్కడ కాలు పెట్టడం కూడా నిషేధమే. గొలొరిత్సేను 1995లో జాతీయ స్మారక చిహ్నంగా ప్రకటించినా మూయలేదు, మనుషులను లెక్కపెట్టి పంపుతున్నారు. నా దృష్టిలో అది ఉదారమైన ఏర్పాటే.

పడవల విషయంలో మాత్రం రైలుకట్ట గారి వాదనను తోసిపుచ్చలేను. పడవల వల్ల కలిగే నష్టం ప్రధానంగా రెండు విధాలు. లంగరు వేసినచోట సముద్రపు అడుగున పెరిగే పొసిడోనియా గడ్డి వేళ్లతో లేచిపోతుంది. నడకదారిన మనుషులు విడతలుగా వస్తే, పడవలో యాభై మంది ఒక్కసారిగా దిగుతారు. పదిమందిని ఎక్కించుకుని, లంగరు వేయకుండా, పొద్దున ఒకసారి దింపి మధ్యాహ్నం ఎక్కించుకునే ఒక్క పడవతో ఈ రెండు నష్టాలూ రావు. ఇబ్బందల్లా ఆ పదిమంది ఎవరో తేల్చడంలోనే ఉంది. వైద్యుడి ధ్రువపత్రం అడిగితే మన దేశంలో ఏమవుతుందో మీకు తెలుసు, అక్కడ కూడా మనుషులే ఉన్నారు.

ఉప్పుగాలి (విశాఖపట్నం):

రాళ్ల సంగతి ఒప్పుకుంటున్నాను. సంఖ్య తగ్గించాలంటే లాటరీ వేయండి, వంతులు పెట్టండి, డబ్బు ఎందుకన్నదే నా అభ్యంతరం.

రెండో అంతస్తు (మిలాన్):

ఆ దారి మొదట్లో టికెట్టు చూసేవారికీ, కింద తీరం మీద కాపలా ఉండేవారికీ జీతం ఎక్కడి నుంచి రావాలి?

రైలుకట్ట గారి శ్రీమతి (హైదరాబాదు):

నమస్కారం. నా మోకాళ్ల గురించి ఇంత చర్చ జరుగుతున్నదని నిన్న రాత్రి మా వారి ఫోన్‌లో చూసి తెలుసుకున్నాను. న్యాయం ప్రశ్న మంచిదే. పుట్టుకతోనే నడవలేనివారు, చక్రాల కుర్చీలో తిరిగేవారు అడిగితే నేనూ వారి వెంట నిలబడి అడుగుతాను. ఏడాదికొకసారి విమానమెక్కి వెళ్లే నా నొప్పి కోసం బౌనేయి ఊరివాళ్లు చట్టం మార్చాలని మాత్రం నేను ఎవరినీ అడగలేదు.

అదే ఒడ్డున కాలా మారియోలు అనే తీరానికి సాంతా మరియా నవర్రేజే నుంచి పడవలు వెళ్తాయని, అక్కడ దిగనిస్తారని, 2025లో అక్కడ కూడా రోజుకు 700 మంది పరిమితి పెట్టారని చదివాను. మారియోలు అంటే దొంగ అని అర్థమట, జాలర్ల వలల్లోంచి చేపలు ఎత్తుకుపోయే సీల్ జంతువు మీద ఆ పేరు వచ్చిందట. పెళ్లిరోజున ఇద్దరం అక్కడికి వెళదాం. దారిలో గొలొరిత్సే ఎదుట పడవ ఆపితే నేను అక్కడి నుంచి చూస్తాను. మర్నాడు ఉదయం ఆయన ఒక్కరే నడిచి దిగి రావచ్చు, నాకు ఏ అభ్యంతరమూ లేదు. రాయి మాత్రం తేవద్దు.

రైలుకట్ట (హైదరాబాదు):

గొలొరిత్సేకు నేను ఒక్కడినే వెళ్లను, అది ఇంట్లో మాట్లాడుకుంటాము. ప్రశ్న మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు, ఆ పదిమంది సంగతి అక్కడివారైనా ఎప్పుడో ఒకప్పుడు ఆలోచించవలసిందే. రెండో అంతస్తు గారూ, మారియోలు దగ్గర పడవ నుంచి ఒడ్డుకు వేసే పలక ఎంత ఏటవాలుగా ఉంటుంది? పట్టుకోవడానికి కమ్మీ ఏదైనా ఉంటుందా?

రెండో అంతస్తు (మిలాన్):

మేము ఎక్కిన పడవలో ఒకవైపే ఉంది. రెండో వైపు పడవ కుర్రవాడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి చెయ్యి అందించాడు. అల ఎక్కువగా ఉంటే పలక ఊగుతుంది కనుక ఉదయం మొదటి పడవకే వెళ్లండి.