గని నీటి ప్రాజెక్టు: సున్నపురాయి వేసినా పీహెచ్ లేవడం లేదు, సాయం చేయండి

ప్రశ్న (కోనసీమ అమ్మాయి, కాకినాడలో చదువు):
అందరికీ నమస్కారం అండి. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. గనుల్లోంచి కారే ఆమ్లపు నీటిని తక్కువ ఖర్చుతో బాగుచేయడం మా ప్రాజెక్టు. మా వైపు గనులు లేవు కదా, అందుకని నీళ్ళు నేనే తయారుచేశాను. 20 లీటర్ల బకెట్లో 20 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) 3కి దిగేదాకా కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆసిడ్. సున్నపురాయి ముక్కలు వేసి, అక్వేరియం మోటారుతో గాలి కొట్టించాను. మొదటి రోజు పీహెచ్ బాగానే లేచింది. మూడో రోజుకి 5 దగ్గర ఆగింది. రాళ్ళన్నీ ఇటుక రంగుకి తిరిగాయి. గైడ్ గారు ఇంకాస్త రాయి వెయ్యమన్నారు. వేసినా అంతే. వచ్చే వారం రివ్యూ, ఒకటే టెన్షన్.

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు, రాజమండ్రి:
రాయి చాలక కాదమ్మా. రాయికి తుప్పు చొక్కా తొడిగావు. ఆ చొక్కా కుట్టింది నీ మోటారే.

అన్నభేదిలో ఇనుము ఫెర్రస్ రూపంలో, అంటే నీటిలో కరిగి ఉండే రూపంలో ఉంటుంది. నువ్వు వేసిన లెక్కకి లీటరుకి సుమారు 200 మిల్లీగ్రాములు. పీహెచ్ కాస్త పెరిగాక గాలి తగిలితే అది ఫెర్రిక్‌గా మారి, పీహెచ్ మూడున్నర దాటితే చాలు తుప్పు ముద్దగా విడిపోతుంది. రాయి పక్కనే పీహెచ్ ఎక్కువ కాబట్టి ముందు అక్కడే పేరుకుంటుంది. ఇక లోపలి రాయి ఎంత ఉన్నా నీటికి అందదు.

అందుకే గనుల దగ్గర సున్నపురాయిని గాలి చొరని కాలవలో పూడ్చిపెడతారు. నీరు రాళ్ళ మధ్య నడుస్తున్నంతసేపూ గాలి తగలకూడదు. బయటికొచ్చాక చెరువులోకి వదిలి, అప్పుడు గాలి పట్టిస్తే తుప్పు అక్కడ దిగుతుంది. నీ మోటారు రెండో బకెట్‌కి మార్చు.

అడిగినావిడ:
మాస్టారూ, గని నుంచి వచ్చే నీటికే ముందుగా గాలి తగిలి ఉంటే?

మాస్టారు:
మంచి ప్రశ్న. అప్పుడు నీరు ముందు పేడ, గడ్డి పరుపులోంచి దిగాలి. కుళ్ళే గడ్డి ఆక్సిజన్‌ని తినేస్తుంది, ఫెర్రిక్‌ని మళ్ళీ ఫెర్రస్ చేస్తుంది. ఆ కింద సున్నపురాయి పొర. సల్ఫేట్‌ని తినే బాక్టీరియా కూడా ఆ పరుపులోనే కాపురం పెడుతుంది. అది వదిలే సల్ఫైడ్, నీటిలోని లోహాలని పట్టి నల్లగా కింద కూర్చోబెడుతుంది. ఆ బాక్టీరియాకి పీహెచ్ 3 పడదు, 5 పైన పెట్టి మొదలుపెట్టు.

రొయ్యల రైతు, భీమవరం వైపు:
ఆయ్, ఈ బాక్టీరియా కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదండి. ఉప్పుటేరు అడుగున నల్ల బురద తీసి చూడండి, కుళ్ళు గుడ్డు వాసన కొడుతుంది. సముద్రపు నీట్లో సల్ఫేట్ దండిగా ఉంటుంది కాబట్టి అది అక్కడే బతుకుతుంది. ఒక మగ్గు బురద, ఎండుగడ్డి, పేడ, రాయి బదులు గుల్లలు వేస్తే సరి. మడ అడవి అభయారణ్యంలో మాత్రం తవ్వకండి, ఊరి పక్క డ్రెయిన్లో దొరుకుతుంది.

ఇంకో మాట. అలాంటి బురదే చెరువు తవ్వి గట్టు మీద పోస్తే మీ గని కథే మా ఇంట్లో మొదలవుతుంది. ఎండకి ఆరి, పసుప్పచ్చ మచ్చలొచ్చి, తొలి వానకి ఆసిడ్ కారి చెరువులోకి దిగుతుంది. మా గట్టుతో రెండు వేసవులు పడ్డాను. సున్నం బస్తాలు కొడుతూనే ఉన్నాను. చివరికి ఆ మట్టిని మళ్ళీ నీటి కిందకి తోసేస్తేనే ఆగింది.

మాస్టారు:
ఈయన చెప్పిందే నీ రిపోర్టులో నివారణ అధ్యాయం. బురదలోనూ గని రాతిలోనూ ఉన్నది పైరైటే. ఇనుము, గంధకం. గాలీ నీరూ రెండూ తగిలితేనే ఆసిడ్, అందులో ఒకదాన్ని ఆపాలి. మూసిన గనిని నీటితో నింపుతారు, రాళ్ళ గుట్టల మీద బంకమట్టి కప్పుతారు, వాననీరు గుట్టకి తగలకుండా చుట్టూ కాలవ తీస్తారు. వదిలేస్తే శుద్ధి ఖర్చు గని మూతపడ్డాక కూడా దశాబ్దాలు సాగుతుంది.

ఇంకొకరు, పాలకొల్లు:
మరి పైన సింగరేణి గనులు మన గోదావరి లోయలోనే ఉన్నాయిగా. మన నీళ్ళు ఎందుకు పుల్లగా లేవు?

మాస్టారు:
అక్కడి బొగ్గులో గంధకం తక్కువండి. ఆసిడ్ కంటే బొగ్గు నుసి, నీటి కాఠిన్యం వంటివే పెద్ద సమస్య. మేఘాలయ జైంతియా కొండల బొగ్గులో గంధకం ఎక్కువ. అక్కడ వాగులే పులిసిపోయాయి. 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎలుకబొరియల తవ్వకాన్ని, అంటే మనిషి దూరేంత ఇరుకు సొరంగాల్లో బొగ్గు తియ్యడాన్ని నిషేధించింది.

అమ్మాయీ, రివ్యూలో లక్ష్యం ఏమిటని అడుగుతారు. నదుల్లోకి వదిలే నీటికి కేంద్ర ప్రమాణం పీహెచ్ 5.5 నుంచి 9, ఇనుము లీటరుకి 3 మిల్లీగ్రాములు. అది రాసి పెట్టుకో. ఆసిడ్‌ని నీటిలో పొయ్యాలి, నీటిని ఆసిడ్‌లో కాదు. బురద బకెట్ ఇంట్లో పెట్టకు, ఆ కుళ్ళు గుడ్డు వాసన వాయువు విషం.

అడిగినావిడ (నాలుగు రోజుల తరవాత):
మోటారు రెండో బకెట్‌కి మార్చాను మాస్టారూ. మొదటి బకెట్లో రాళ్ళు తెల్లగానే ఉన్నాయి, పీహెచ్ 6 దాటింది. రెండోదాంట్లో అడుగున తుప్పు బాగా దిగింది. బురద బకెట్ పెరట్లో కొబ్బరిచెట్టు కింద పెడితే, అమ్మ వాసనకి కాలవగట్టు దాకా మోయించింది. భీమవరం అన్నయ్య గారూ, గుల్లలు మీ వైపు ఎక్కడ దొరుకుతాయండి?