‘కంచే చేను మేసినట్టు’: అల్జీమర్స్ వ్యాధిలో గ్లియా కణాలకు ఈ సామెత సరిపోతుందా?

ప్రశ్న:
పరిష్కరణకు వచ్చిన ఒక ఆరోగ్య వ్యాసంలో ఈ వాక్యం ఉంది: ‘అల్జీమర్స్ వ్యాధిలో మెదడులోని సహాయక కణాలే నాడీకణాలను నాశనం చేస్తాయి, కంచే చేను మేసినట్టు.’ వినడానికి బాగానే ఉంది. అయితే జరుగుతున్నదానికి ఈ సామెత సరిపోతుందా, ‘సహాయక కణాలు’ అన్న మాటను అలాగే ఉంచవచ్చా అన్న విషయాలలో సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

సమాధానం:
ముందుగా ‘సహాయక’ అన్న విశేషణం సంగతి. 1856లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో ఈ సహాయక కణాల సముదాయానికి న్యూరోగ్లియా అని పేరు పెట్టినప్పుడు, నాడీకణాలను ఒకచోట పట్టి ఉంచే బంధన పదార్థంగానే దాన్ని భావించాడు; గ్రీకులో గ్లియా అంటే జిగురు. మన విశేషణం ఆ దృష్టికే కొనసాగింపు. ఈ వ్యాధికి పేరు తెచ్చిన వైద్యుడు అలోయిస్ అల్జైమర్ మాత్రం 1907లో ప్రచురించిన తన నివేదికలోనే, ఫలకాలతోపాటు (మెదడులో పేరుకునే ప్రోటీన్ ముద్దలు) నాడీకణాలలోని ప్రోటీన్ పోగుల చిక్కుముళ్లను వర్ణిస్తూ, గ్లియా కణాలలో కొవ్వు చేరిందని కూడా నమోదు చేశాడు. ఫలకాలకు, చిక్కుముళ్లకు దక్కిన శ్రద్ధ ఆ మూడవ పరిశీలనకు చాలా కాలం దక్కలేదు.

సామెత విషయానికొస్తే, అది ప్రధానంగా మైక్రోగ్లియాకు సంబంధించిన మాట. ఇవి మెదడులో కాపలా కాసే రోగనిరోధక కణాలు. మెదడు ఎదుగుతున్న దశలో, ముఖ్యంగా పుట్టిన తరువాత, అవసరం లేని నాడీసంధులను (నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు అందించే చోట్లను) తొలగించడం వీటి సహజమైన పనులలో ఒకటి. ఏ సంధిని తొలగించాలో సూచించే గుర్తులుగా రోగనిరోధక వ్యవస్థకు చెందిన కాంప్లిమెంట్ ప్రోటీన్లు పనిచేస్తాయి. అల్జీమర్స్ నమూనాగా పెంచిన ఎలుకలపై 2016లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఫలకాలు ఏర్పడకముందే అదే యంత్రాంగం మళ్లీ మేలుకొని, పనిచేస్తున్న సంధులను సైతం మైక్రోగ్లియా మింగివేస్తుంది. ఆ ప్రోటీన్లను అడ్డుకున్నప్పుడు సంధుల నష్టం తగ్గింది. ఇంతవరకు సామెత అక్షరాలా సరిపోతుంది, మేయడం అన్న క్రియతో సహా.

చిక్కు ఆ తరువాత వస్తుంది. ఇదే మైక్రోగ్లియా అమిలాయిడ్ అనే ప్రోటీన్‌తో ఏర్పడే ఫలకాలను చుట్టుముట్టి, వాటిని గట్టిగా కుదించి, చుట్టూ ఉన్న నాడీతంతువులకు కలిగే హానిని తగ్గిస్తుంది. ఈ పనికి ట్రెమ్2 అనే గ్రాహకం (కణం ఉపరితలంపై సంకేతాలను అందుకునే ప్రోటీన్) అవసరం. ఆ గ్రాహకం పనితనాన్ని తగ్గించే ఒక అరుదైన జన్యుభేదం ఉన్నవారికి అల్జీమర్స్ వచ్చే అవకాశం సుమారు 2 నుంచి 4 రెట్లు పెరుగుతుందని 2013లో తేలింది. అంటే ఇక్కడ ప్రమాదం కంచె చేను మేయడం వల్ల వచ్చింది కాదు, కంచె బలహీనపడటం వల్ల వచ్చింది. ఒకే కణం చేసే రెండు పనులలో ఒకటి ఎక్కువైనా, రెండవది తక్కువైనా నష్టమే అన్న ఈ మెలికను సామెత చెప్పలేదు.

గ్లియాలో మరో రకమైన ఆస్ట్రోసైట్ల కథ ఇంకా వేరు. నాడీసంధుల వద్ద మిగిలిన గ్లుటమేట్ అనే సంకేత రసాయనాన్ని తీసివేయడం, నాడీకణాలకు ఇంధనం అందించడం, రక్తనాళాల చుట్టూ నీటి రాకపోకలను సర్దడం వీటి పనులు. మైక్రోగ్లియా విడుదల చేసే కొన్ని సంకేతాల ప్రభావంతో ఆస్ట్రోసైట్లు తమ పనులు వదిలి నాడీకణాలకు హానికరంగా మారగలవని 2017లో ప్రయోగశాలలో చూపించారు. అల్జీమర్స్ ముప్పును అన్నిటికంటే ఎక్కువగా పెంచే సాధారణ జన్యుభేదం ఏపీఓఈ-4 కూడా వీటికి దగ్గరి విషయమే. మెదడులో ఆ జన్యువుకు సంబంధించిన ప్రోటీన్‌ను ప్రధానంగా తయారుచేసేది ఆస్ట్రోసైట్లే. వీటిని మేసే కంచె అనడానికి వీలులేదు; పని మానుకున్న కాపలా అనడం కొంత నయం. నాడీతంతువులకు మైలిన్ తొడుగు వేసే ఒలిగోడెండ్రోసైట్లనైతే ఆ వాక్యంలోకి లాగకుండా ఉండటమే మంచిది.

మరొక సభ్యురాలు:
మీ వివరణ బాగుందండీ, కానీ సామెత శాస్త్రీయ నిర్వచనం కాదు కదా. సాధారణ పాఠకుడికి విషయం వెంటనే అందడానికి ఆ మాత్రం అతిశయోక్తిని అనుమతించకూడదా?

సమాధానం:
అతిశయోక్తిపై నాకు అభ్యంతరం లేదండీ. ఈ సామెత ఒకరిని దోషిగా నిలబెడుతుంది, అభ్యంతరం అక్కడే. కంచెదే తప్పు అన్నాక, కంచెను తీసేస్తే సరిపోతుంది కదా అని పాఠకుడు అనుకోవడం సహజం. వాపును తగ్గించే మందులతో అల్జీమర్స్‌ను నివారించవచ్చన్న ఆశతో జరిపిన పెద్ద పరీక్షలు ఫలితమివ్వలేదు. మరోవైపు, 2023లో అమెరికాలో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందు వంటి యాంటీబాడీలు అమిలాయిడ్‌ను తొలగించేది చాలావరకు మైక్రోగ్లియా దాన్ని మింగేలా చేయడం ద్వారానే అని భావిస్తున్నారు. మేయడమే నేరమని చెప్పిన వ్యాసం, అదే మేయడం చికిత్సకు ఎలా పనికొస్తుందో తరువాతి పేరాలో వివరించలేక ఇబ్బంది పడుతుంది.

కాబట్టి సామెతను పూర్తిగా తీసేయనక్కరలేదు, దాని పరిధిని కుదిస్తే చాలు. నేనైతే ఇలా రాస్తాను: ‘ఫలకాలను అదుపు చేయవలసిన మైక్రోగ్లియా కొన్ని దశలలో, కంచే చేను మేసినట్టు, ఆరోగ్యకరమైన నాడీసంధులను కూడా తొలగిస్తుంది, అయితే దాని కాపలా సన్నగిల్లినా వ్యాధి ముప్పు పెరుగుతుంది.’ ఇక ‘సహాయక కణాలు’ బదులు గ్లియా కణాలు అని రాసి, మొదటిసారి వచ్చినచోట ‘నాడీకణాలను పోషిస్తూ, రక్షిస్తూ, వాటి పనిలో పాలుపంచుకునే కణాలు’ అని ఒక్క వివరణ చేర్చమని రచయితను కోరండి.