కర్నూల్లో ఉండి తెరచాప పడవ సిద్ధం చేసుకోవడం: గోవా–కొచ్చి ప్రయాణానికి సలహాలు కావాలి

బురుజుకాడ (కర్నూలు)
అందరికీ నమస్కారం. చదివి నవ్వుకున్నా పర్లేదు, సలహా మాత్రం చెప్పి పోండి.

ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్ ఇప్పుడు గోవాలో ఉంటాడు. వాడూ నేనూ చెరిసగం వేసుకొని ఒక పాత తెరచాప పడవ కొన్నాం. 26 అడుగులు, ఫైబర్ బాడీ, లోపల చిన్న డీజిల్ ఇంజన్. ఇద్దరు పడుకోవచ్చు, మూడో మనిషి ఉంటే మోకాళ్లు ముడుచుకోవాలి. నా అనుభవం ఏంటంటే, రెండేళ్లుగా నెలకి రెండు ఆదివారాలు హైదరాబాద్ పోయి హుస్సేన్ సాగర్‌లో డింగీ (చిన్న తెరచాప పడవ) నడపడం. సముద్రంలోకి మూడుసార్లు పోయాను, అదీ ఒడ్డు కనిపించేంత దూరమే.

జనవరిలో గోవా నుంచి కొచ్చి పోవాలని అనుకుంటున్నాం. సుమారు 350 నాటికల్ మైళ్లు. మా పడవకి 4 నాట్ల (గంటకి 4 నాటికల్ మైళ్ల) వేగమొస్తే గొప్ప. రాత్రీ పగలూ ఆగకుండా పోయినా రోజుకి 178 కిలోమీటర్లు. అంటే ఈరోజు పొద్దున కర్నూల్లో బయల్దేరితే రేపు పొద్దునకి మైదుకూరు! అన్నీ కుదిరితే ఆ పై ఏడాది లక్షద్వీప్.

పడవేమో గోవాలో, నేనేమో ఇక్కడ. ఇక్కడ కూర్చొని చేసుకోగలిగిన పని ఏమైనా ఉందా? అదీ నా అసలు ప్రశ్న.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
2009 వరదల్లో ఈ పడవ ఉండుంటే ఊరంతా నీకు దండం పెట్టేది సామీ. ఇప్పుడు కొన్నావ్. సరే గానీ, ఈతొచ్చా?

బురుజుకాడ
2009లో మేడ మీదే ఉన్నాం అన్నా, ఆ నీళ్లు నేను మర్చిపోలేదు. ఈత బావిలో నేర్చుకున్నదే, నడుముకి బెండు కట్టుకొని.

ఇంజన్‌రూమ్_తాత (కడప)
ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో ఇంజన్ రూమ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఒకరి తెరచాప పడవ చేరవేయడానికి రెండుసార్లు తోడు పోయాను. కాబట్టి నా మాటల్లో ఓడ వాసన ఎక్కువుంటుంది, సర్దుకోండి.

ఈత రావాలి, కానీ దాన్ని నమ్ముకోవద్దు నాయనా. 4 నాట్లంటే సెకనుకి రెండు మీటర్లు. నువ్వు రాత్రి రెండింటికి నీళ్లలో పడ్డావ్, నీ స్నేహితుడు లోపల నిద్రలో ఉన్నాడు. ఒక్క నిమిషంలో పడవ 120 మీటర్లు పోయుంటుంది, నీ కేక వాడికి వినపడదు. అందుకే అసలు పడకుండా చూసుకోవాలి. డెక్ మీద ముందు నుంచి వెనక దాకా గట్టి పట్టీ లాగి కట్టండి, జాక్‌లైన్ అంటారు. ఒంటికి హార్నెస్ (ఒంటి చుట్టూ బిగించుకునే పట్టీలు), దాని కొక్కెం ఆ పట్టీకి. చీకటి పడితే కొక్కెం తగిలించకుండా బయటికి రాకూడదని ముందే ఒట్టేసుకోండి. రాత్రిళ్లు ఒంటికి పోవడానికి అంచున నిలబడొద్దు. బకెట్ ఉంది కదా, సిగ్గెందుకు.

ఇక పడవ. కొత్త రంగు, కొత్త పరుపుల జోలికి పోవద్దు. ముందు పడవ అడుగున బొక్కలెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఇంజన్‌కి నీళ్లు లోపలికొచ్చేది ఒకటి, సింకుది ఒకటి, టాయిలెట్‌వి రెండు. ప్రతి బొక్కకీ ఒక వాల్వు, వాల్వుకి ఒక రబ్బరు పైపు, పైపుకి క్లిప్పు. పడవ మునగడానికి తుఫానే రానక్కర్లేదు, తుప్పుపట్టిన ఒక్క క్లిప్పు చాలు. పైపు వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. జాగా ఉన్నచోట రెండేసి క్లిప్పులు. ప్రతి వాల్వు పక్కన దాని సైజు చెక్క బిరడా దారంతో కట్టి పెట్టండి. చీకట్లో వెతుక్కునే పని ఉండకూడదు.

మాస్ట్‌ని (తెరచాప కట్టే స్తంభాన్ని) నిలబెట్టే స్టీలు వైర్లు పదేళ్లు దాటినవైతే బేరం ఆడకుండా మార్చేయండి. వాటి వయసు తెలియకపోతే పదేళ్లు దాటినట్టే లెక్క. వైరు మీద దూది పెట్టి పై నుంచి కిందికి లాగండి, పోగు తెగిన చోట దూది పట్టుకుంటుంది. ఉత్త చేత్తో చేశారంటే వేలు తెగుతుంది. కింది ఫిట్టింగుల్లో నీళ్లు దిగి లోపలే తినేస్తాయి, భూతద్దం పెట్టి సన్నని పగుళ్లకోసం చూడండి.

చుక్కాని సంగతి కూడా. నేవీ ఆడపిల్లలు ఆరుగురు తారిణి అనే తెరచాప పడవలో 2017–18లో భూగోళం చుట్టొచ్చారు కదా, మన తెలుగమ్మాయిలు స్వాతి, ఐశ్వర్య అందులోనే ఉన్నారు. అంత పకడ్బందీగా బయల్దేరిన పడవకీ స్టీరింగ్ పాడై, ప్లాన్‌లో లేని మారిషస్‌లో ఆగాల్సొచ్చింది. మీ చుక్కాని విరిగితే దేంతో నడుపుతారో రేవులో ఉన్నప్పుడే ఒకసారి చేసి చూడండి.

మోటార్_మస్తాన్ (తాడిపత్రి దగ్గర)
ఈ పడవల గొడవ నాకు తెలీదు. డీజిల్ పంపుసెట్లు, జనరేటర్లు రిపేరు చేస్తా. ఇంజన్ ఏ బ్రాండు, ఎన్ని సిలిండర్లు?

బురుజుకాడ
రెండు సిలిండర్లు అన్నా, 13 హార్స్‌పవర్, జపాన్‌ది.

మోటార్_మస్తాన్
అట్లయితే మన పంపుసెట్టుకి చిన్నాన్న కొడుకే. నూటికి తొంభై సార్లు ఆగేది డీజిల్‌కే: చెత్తయినా పడుంటుంది, ఎయిరైనా పట్టుంటుంది. పడవ ఊగినప్పుడు ట్యాంకు అడుగున ఉన్న మడ్డి అంతా లేస్తుంది కదా. ముందు ట్యాంకు కడగండి, ఫిల్టర్లు నాలుగు స్పేర్ పెట్టుకోండి.

ఎయిర్ తీసేది నేర్చుకో. ఫిల్టర్ మీద చిన్న బ్లీడింగ్ స్క్రూ ఉంటుంది, దాన్ని రెండు మరలు వదులు చెయ్. కింద ఫీడ్ పంపు లీవర్ వేలితో కొడతా ఉండు. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత ఒకే ధారగా డీజిల్. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి, చెయ్యి ఆపినాక కాదు. అప్పటికీ స్టార్ట్ కాకపోతే ఇంజెక్టర్ దగ్గర పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టు, అక్కడ కూడా డీజిల్ చిమ్మినాక బిగించు. కళ్లు బంద్ చేసుకొని చేసేంత రావాలి. మా షెడ్డుకి రెండు ఆదివారాలు రా, పది ఇంజన్ల మీద చేయిస్తా. టీ మాత్రం నీదే.

ఇంజన్‌రూమ్_తాత
మస్తాన్ చెప్పింది అక్షరాలా కరెక్ట్. నాది ఒక్క మాట. సముద్రపు నీళ్లు లాగే పంపులో రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది. వాల్వు తెరవడం మర్చిపోయి ఇంజన్ వేస్తే నిమిషాల్లో దాని రెక్కలు ఊడిపోతాయి. స్టార్ట్ చేయగానే వెనకాల పొగగొట్టం నుంచి నీళ్లు వస్తున్నాయా అని చూడ్డం అలవాటు చేసుకోండి.

గాలిమర (అనంతపురం)
టీచర్‌ని. చెన్నైలో ఉన్న నాలుగేళ్లూ హార్బర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నా. చెన్నై నుంచి పుదుచ్చేరికి ఒక రాత్రి ప్రయాణం కూడా చేశా. ఆ రాత్రి గురించి చెప్తాను, ఎందుకంటే సిద్ధం కాకపోవడం అంటే ఏంటో నాకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం గాలి హాయిగా ఉంది. పడవ ఓనరు (పేరెందుకులెండి) తెరచాప తగ్గించడానికి ఒప్పుకోలేదు, "స్పీడు బాగుంది కదా" అన్నాడు. తొమ్మిదికి గాలి పెరిగింది. మా రామగిరి కొండల మీద ఆషాఢంలో నిలబడ్డవాళ్లకి ఒక సంగతి తెలిసే ఉంటుంది: గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. అప్పుడు రీఫ్ వేయాలంటే, అంటే తెరచాపని కొంత మడిచి కట్టి తగ్గించాలంటే, ఇద్దరు మనుషులు, ఒక టార్చి, నలభై నిమిషాలు. అందులో ఒక మనిషిని నేను, మధ్యమధ్యలో వాంతులు. అదే సాయంత్రం ఆరింటికైతే పది నిమిషాల పని. రీఫ్ వేయాలా అన్న అనుమానం వచ్చిందంటే వేసేయండి. చీకటి పడేముందు అనుమానం రాకపోయినా వేసేయండి. రేవులో కట్టేసి ఉన్నప్పుడు కళ్లకి గంతలు కట్టుకొని ప్రాక్టీస్ చేయండి, ఏ తాడు ఎక్కడుందో చేతికి తెలియాలి.

వాంతుల సంగతి. మాత్ర బయల్దేరే ముందే పడాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. కొన్ని మాత్రలు బాగా మత్తుగా ఉంటాయి, డాక్టర్‌ని అడిగి ఒకటి ఇంట్లోనే వేసుకొని చూసుకోండి. లోపల కూర్చొని ఫోన్ చూడొద్దు. బయటికొచ్చి చుక్కాని పట్టుకొని దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీత చూస్తూ ఉంటే సగం తగ్గుతుంది.

హంద్రీ_ఒడ్డు
అక్కా, ఇంత అయినాక కూడా మళ్లీ పోయారా?

గాలిమర
మరుసటి నెలే పోయాను. ఓనరు మాత్రం వేరే.

చెనిక్కాయల_అమ్మి (పులివెందుల)
నాకు పడవ తెలీదు, వంట తెలుసు. ఊగే పొయ్యి మీద అన్నం వార్చాలంటే ఒళ్లు కాలుతుంది. ఉగ్గానికి పొయ్యితో పని తక్కువ, బొరుగులు నీళ్లలో ముంచి పిండితే సగం అయినట్టే. తిరగమోత పొడి ఇంట్లోనే చేసిస్తారు. కానీ బొరుగులు ఆ తేమకి ఒక పూటలో మెత్తబడిపోతాయి, ఒక్కో పూటకి ఒక్కో ప్యాకెట్ విడిగా సీల్ చేయించుకోండి. ఎండబెట్టిన జొన్నరొట్టె పదిరోజులైనా చెడదు. చెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ, బెల్లం. ఊరగాయ మాత్రం గాజు సీసాలో వద్దు.

బురుజుకాడ
అక్కా, ఉగ్గాని బొరుగులు సముద్రపు నీళ్లలో ముంచితే మంచినీళ్లు మిగుల్తాయి కదా?

చెనిక్కాయల_అమ్మి
ఒకసారి ముంచి తిను, మళ్లీ అడగవు.

గాలిమర
తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి 4 లీటర్లు లెక్క వేసుకోండి. నాలుగు రోజుల ప్రయాణానికి పది రోజుల నీళ్లు. అన్నీ ఒకే ట్యాంకులో వద్దు. అది పగిలినా, అందులోకి ఉప్పునీళ్లు దిగినా అంతే సంగతులు. సగం క్యాన్లలో ఉంచండి. వారానికోసారి ట్యాంకర్ చూసిన అనంతపురం వాళ్లకి చెంబుతో స్నానం కొత్త కాదు, ఈ ఒక్క విషయంలో మనం గోవా వాళ్లకంటే ముందున్నాం.

రాత్రి_కరెంటు (ఆలూరు)
నిద్ర గురించి ఎవరూ చెప్పలేదు. రాత్రి పూట త్రీఫేజ్ ఇచ్చినప్పుడు చేనికి పోయి మోటారు వేసి, నీళ్లు మళ్లించి, వచ్చి పడుకొని మళ్లీ లేచేవాణ్ణి. మొదటి మూడు రోజులు నరకం, నాలుగో రోజు నుంచి ఒళ్లు దానికదే సర్దుకుంటుంది. మీ ప్రయాణమే నాలుగు రోజులు కదా, ఆ మూడు రోజులు ఇంట్లో ముందే అనుభవించి పోండి.

ఇంజన్‌రూమ్_తాత
శభాష్. మూడు గంటలు నువ్వు, మూడు గంటలు వాడు. డ్యూటీలో ఉన్నవాడు పది నిమిషాలకోసారి లేచి చుట్టూ చూడాలి. పెద్ద ఓడ కంటికి ఆనిన పావుగంట, ఇరవై నిమిషాల్లో మీ మీదుంటుంది. ఆ ఓడ బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద నుంచి మీ పడవ చెప్పు అంత కూడా కనిపించదు. అది తప్పుకుంటుందిలే అనుకోవద్దు. తీరం దగ్గర చేపల పడవలకి లైట్లు ఉండకపోవచ్చు, వలలు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటాయి. పదునైన కత్తి, నీళ్లలో చూసే కళ్లద్దాలు చేతికందేచోట పెట్టుకోండి.

ఫోన్_చాలు (నంద్యాల)
ఇప్పుడు అంతా జీపీఎస్సే కదా అన్నా. ఫోన్‌లో మ్యాప్ ఉంటే సరిపోదా?

గాలిమర
ఎండకి ఫోన్ వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది, తడి వేళ్లకి స్క్రీన్ పలకదు. ఫోన్ ఉంచుకోండి, దాంతోపాటు డెహ్రాడూన్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు అచ్చేసే పేపర్ చార్టు (సముద్రపు మ్యాప్) కూడా ఉండాలి. గంటకోసారి ఎక్కడున్నారో నోట్‌బుక్‌లో రాయండి. అన్నీ ఆరిపోయినా గంట కిందట ఎక్కడున్నారో తెలుస్తుంది.

ఇంజన్‌రూమ్_తాత
శాటిలైట్ ఫోన్ ఎవరో దుబాయ్ నుంచి తెచ్చిస్తానంటే తీసుకోవద్దు. తురాయా, ఇరిడియం లాంటివి అనుమతి లేకుండా మన దగ్గర పెట్టుకుంటేనే కేసు. వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఛానల్ 16 (ఆపదలో పిలిచే ఛానల్) ఎప్పుడూ వినండి. ఆపదలో శాటిలైట్‌కి సిగ్నల్ పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ కొని బెంగళూరులో ఇస్రో నడిపే సెంటర్‌లో రిజిస్టర్ చేయండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, మీ ఆవిడకి కూడా రాసివ్వండి. లక్షద్వీప్‌కి మనవాళ్లకైనా పర్మిట్ తప్పనిసరి, ఇప్పుడే ఆ పేపర్లు చూసుకోండి.

నెల విషయంలో జనవరి మంచిదే. తొందరపడి నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో వద్దు. 2017లో ఓఖీ తుఫాను సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చి కేరళ, తమిళనాడు చేపల వాళ్లని ఎంతమందినో తీసుకుపోయింది. జనవరి, ఫిబ్రవరిలో ఆ తీరంలో మధ్యాహ్నం సముద్రం మీది నుంచి గాలి, రాత్రికి నేల మీది నుంచి నెమ్మదిగా. ఆ లెక్కన పగటి గాలిని వాడుకొని ఎక్కువ దూరం పోండి.

బురుజుకాడ
నాలుగు వారాల తర్వాత వస్తున్నా, లేటుకి సారీ. జరిగింది చెప్తాను.

మస్తాన్ అన్న షెడ్డుకి మూడు ఆదివారాలు పోయా. మొదటి రోజు ధార ఆగినాక స్క్రూ బిగించి తిట్లు తిన్నా. ఇప్పుడు నాలుగు నిమిషాల్లో ఎయిర్ తీస్తున్నా.

మెయిన్ సెయిల్ గోవా నుంచి లారీ పార్సిల్‌లో తెప్పించా. పాతబస్తీలో లారీ టార్పాలిన్లు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయా. ఆయన గుడ్డని చూడనే లేదు, కుట్టు మీద గోరు పెట్టి గీరాడు. దారం పిండిలాగా రాలింది! "గుడ్డ బాగుంది నాయనా, ఎండకి దారం చచ్చింది" అన్నాడు. గీరితే రాలే ప్రతి కుట్టునీ పాలిస్టర్ దారంతో మెషిన్ మీద మళ్లీ వేశాడు. మూలల్లో మందం ఎక్కువున్న చోట దబ్బనంతో చేతికుట్టు. నాక్కూడా కూర్చోబెట్టి నేర్పించాడు, మైనం రాసిన దారం, దబ్బనం పొట్లం కట్టిచ్చాడు. డబ్బులు మాత్రం టార్పాలిన్ రేటే తీసుకున్నాడు. ఈ గుడ్డ ఏ లారీదని అడిగితే ఏం చెప్పాలో తెలియక గోవా లారీది అన్నాను.

పోయిన వారం గోవా పోయి తాత చెప్పినట్టు బొక్కలు లెక్కపెట్టాం. నాలుగనుకున్నాం, ఆరున్నాయి. ఐదోది తీసేసిన పాత సింకుది, వాల్వు తెరిచినట్టే తుప్పుతో బిగుసుకుపోయింది, దాని పైపు చేత్తో నొక్కితే చీలింది. ఇన్నాళ్లూ ఆ పైపే నీళ్లని ఆపుతూ ఉందట. పడవని ఒడ్డుకి తీయించి ఆ బొక్క పూడ్పిస్తున్నాం, వైర్లన్నీ మారుస్తున్నాం. దాంతో జనవరి మొదటి వారం కాస్తా నెలాఖరుకి జరిగింది.

మా ఆవిడ షరతు ఒక్కటే: దారిలో కార్వార్‌లో ఒకసారి, మంగళూరులో ఒకసారి ఒడ్డెక్కి ఫోన్ చేయాలి. ఒప్పుకున్నా. రాత్రి_కరెంటు అన్నా, అలారం పెట్టి మూడు గంటలకోసారి లేస్తున్నా, ఇవాళ రెండో రోజు. మీరు చెప్పిన నరకం మొదలైంది.