వారం నిలవ ఉన్న సోర్‌డో స్టార్టర్‌తో అట్లు: మధ్యలో బంక పోవడం లేదు

మైదా, నీళ్లు సమాన బరువులో కలిపి బ్రెడ్డు కోసం సోర్‌డో స్టార్టర్ (బ్రెడ్డు పొంగడానికి వాడే, సహజంగా పులిసిన పిండి) పెంచుతున్నాను. కొత్త పిండి కలిపినప్పుడల్లా పక్కకు తీసినదాన్ని పారేయడానికి మనసొప్పదు. ఫ్రిజ్‌లో సీసాలో దాచి, వారానికోసారి అట్లు వేస్తున్నాను.

కొలతలు ఇవి: మిగులు పిండి 200 గ్రాములు, బియ్యప్పిండి 50 గ్రాములు, నీళ్లు 60 మిల్లీలీటర్లు, ఉప్పు, జీలకర్ర, పచ్చిమిర్చి. పది నిమిషాలు నాననిచ్చి, ఇనుప పెనం మీద మధ్యస్థమైన మంటపై వేస్తాను. అంచులు చక్కగా లేస్తాయి. మధ్యభాగం మాత్రం మూడు నిమిషాలు కాలినా పాలిపోయే ఉంటుంది, లోపల బంకలా సాగుతుంది. అట్లకాడ పెడితే పెనానికి అంటుకుని ముక్కలవుతుంది.

అదే పెనం మీద, అవే కొలతలతో, ఒక్క రోజు నిలవ పిండి అయితే ఎర్రగా కాలి వస్తుంది. కాబట్టి లోపం పెనంలో లేదు. పులుపు ముదిరేకొద్దీ గ్లూటెన్ (మైదాకు సాగే గుణాన్నిచ్చే ప్రోటీన్) దెబ్బతిని పిండి జారుగా అవుతుందని, అందులోని చక్కెరలు తరిగి రంగు సరిగా రాదని తెలుసు.

పెనానికి ఉల్లిపాయ రుద్దాను, నూనె పెంచాను, మూత పెట్టి చూశాను. నాన్‌స్టిక్ పెనం మీద అట్టు ఊడి వచ్చింది గానీ బంక అలాగే ఉంది. పావు టీస్పూను వంటసోడా వేస్తే రంగు వచ్చింది, దాంతోపాటు సబ్బు రుచి కూడా వచ్చింది. అర చెంచా పంచదార వేస్తే అంచులు మాడాయి. పుల్లట్టులాంటి ఆ పులుపు ఇంట్లో అందరికీ ఇష్టం, అందుకే తాజా పిండికి మారాలని లేదు.

వారం నిలవ ఉన్న 200 గ్రాముల పిండికి బియ్యప్పిండి, బొంబాయి రవ్వలలో ఏది ఎన్ని గ్రాములు కలిపితే అట్టు మధ్యలో కూడా బంక లేకుండా కాలుతుంది?