అప్‌డేట్: లేజర్ వెల్డింగ్‌లో బీమ్ జరిగిపోతున్న సమస్య, కారణం దొరికింది

బాలానగర్‌లోని మా షాపులో స్టీలు గొట్టాల జాయింట్ ఒక పక్క అతకడం లేదని, బీమ్ జరిగితే వెల్డింగ్ నడుస్తుండగానే ఎలా తెలుస్తుందని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

లేజర్ బయటికొచ్చే నాజిల్‌కు టేప్ అంటించి ఒక పల్స్ కొట్టి చూశాం, రంధ్రం సరిగ్గా మధ్యలోనే పడింది. అంటే బీమ్ నాజిల్ మధ్యలోనే ఉంది. తర్వాత రెండు ఫోటోడయోడ్లు (కాంతిని కరెంటు సిగ్నల్‌గా మార్చే సెన్సర్లు) పెట్టాం. ఒకటి 1070 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెనక్కి వచ్చే లేజర్ కాంతికి, ఇంకోటి కరిగిన లోహం నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్‌కు. మంచి జాయింట్ సిగ్నల్‌తో పోల్చితే, గొట్టం తిరిగే ప్రతి చుట్టులో ఒకే చోట తేడా! లెన్సు తప్పయితే చుట్టంతా ఉండాలి కదా. డయల్ గేజ్ (ఊగుడు కొలిచే సాధనం) పెడితే, గొట్టాన్ని పట్టి తిప్పే చక్ 0.2 మిల్లీమీటర్లు ఊగుతోంది. అంటే జరుగుతున్నది బీమ్ కాదు, గొట్టం.

ఒక జాగ్రత్త: లెన్సు ముందుండే రక్షణ గాజు మురికైనా సిగ్నల్ మొత్తం తగ్గుతుంది. అందుకే సిగ్నల్ గ్రాఫ్ ఎత్తు కాదు, దాని ఆకారం చూడండి. చక్ మార్చాక నిన్నటి బ్యాచ్ అంతా లీక్ టెస్ట్ పాసైంది.